థర్మకోల్ చెక్కు గారికి ఒక విజేత విన్నపం

మహారాజశ్రీ థర్మకోల్ చెక్కు గారికి,

తిరుపతి నుంచి, కట్టెతో బంతుల్ని టేబుల్ గుంతల్లోకి కొట్టే పూల్ ఆటలో నైన్‌బాల్ పోటీ గెలిచి, ఆదివారం అర్ధరాత్రి పార్లర్‌లో తమరితో ఫొటో దిగిన విజేత నమస్కరించి రాసేది. తమరు కౌంటర్ వెనక, కూల్‌డ్రింక్ ఫ్రిజ్ పక్కన క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేనూ, నా ఈఎంఐ క్షేమమే.

తమరి పొడవు నాలుగడుగులు. తమరి మీద ఎర్రటి అంకెల్లో 20,000. పక్కనే ఒక చిన్న చుక్క గుర్తు. దాని అర్థం పోస్టర్ అడుగున, కళ్లద్దాలకూ అందని అక్షరాల్లో ఉంది: 32 ఎంట్రీలు వస్తేనే అని. వచ్చింది 19. అందుకని నా ఫస్ట్ ప్రైజ్ 9,000 అయింది. అందులో నోట్లు 4,000, మిగతా 5,000కి అదే పార్లర్ టేబుల్ మీద ఆడుకునే కూపన్లు. ఆ కూపన్లు శని, ఆదివారాల్లో చెల్లవు. మామూలు రోజుల్లో నాకు ఉద్యోగం ఉంటుంది.

అయినా ఫొటోలో మాత్రం తమరే ముందు. ఒక కొస నేను, ఇంకో కొస స్పాన్సర్ గారు. ఆయన ప్లాట్ల వ్యాపారి. ఫైనల్ అయిపోయాక వచ్చి, ‘ఇంతకీ తెల్లబంతి గుంతలో పడితే గెలిచినట్టా?’ అని అడిగి వెళ్లారు. నేను బండి స్టార్ట్ చేసేలోపే ఆ ఫొటో వాట్సాప్‌లో ఊరంతా తిరిగింది. ఇంటికి పోయేసరికి అమ్మ మేలుకునే ఉంది: ‘చీటీ డబ్బులు ఈ నెల నువ్వే కట్టు నాయనా’. పొద్దున్నే బామ్మర్ది ఫోన్: ‘బావా, పార్టీ ఎప్పుడు?’ ఓనర్ అయితే మెట్ల దగ్గరే ఆపేశాడు: ‘ఇరవై వేలు గెలిచావంట కదా సామీ, బాడుగ ఐదో తేదీకే ఇచ్చేయ్’. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడంటారు. నాకు ఇంట్లో ఏడ్చే వీలు కూడా లేకుండా చేశారు తమరు.

లెక్క చెప్పమంటారా? మనిషికి 1,000 చొప్పున 19 మందివి 19,000. నాకు 9,000, రెండోవాడికి 3,000. మిగిలిన 7,000 టేబుల్ చార్జీ, కరెంటు, రెఫరీ ఖాతాలో పోయింది. రెఫరీ అంటే కౌంటర్లో కూర్చునే పిల్లోడే. స్పాన్సర్ ఇచ్చింది ఫ్లెక్సీ ఒక్కటే, అందులోనూ ఆయన ముఖమే పెద్దది. అంటే నేను గెలిచింది మా డబ్బే. నెలనెలా అవే ముఖాలు, అవే వెయ్యి రూపాయలు. చీటీపాటలో అయితే ఎప్పటికో ఒకప్పటికి అందరి వంతూ వస్తుంది. ఇక్కడ తప్పకుండా పాడుకునేది పార్లర్ ఒక్కటే.

ఊరు దాటి పోయే డబ్బు వేరే ఉంది. అది క్యూలకి, అంటే బంతిని కొట్టే కట్టెలకి పోతుంది. తెల్లబంతి గిర్రున తిరగాలని దాన్ని నడుమ కాకుండా పక్కన కొడితే, గురి పెట్టిన గీత మీద పోకుండా కాస్త అవతలికి జరుగుతుంది. క్యూ ముందు సగాన్ని షాఫ్ట్ అంటారు, దాని కొస ఎంత తేలికైతే ఆ జరగడం అంత తక్కువ. 2016లో ప్రెడేటర్ కంపెనీ రేవో అనే కార్బన్ ఫైబర్ షాఫ్ట్ తెచ్చినప్పటి నుంచి మేపుల్ కట్టె పట్టుకున్నవాణ్ణి చూసి జాలిపడే కాలం వచ్చింది. అలాంటి షాఫ్ట్ ఒక్కటే 500 డాలర్లకు అటూ ఇటూ, మన లెక్కలో 40 వేల పైమాటే, కస్టమ్స్ అదనం. ఆట మొదట బంతుల గుంపును చెదరగొట్టే బ్రేక్‌కి ఇంకో క్యూ. తెల్లబంతిని అడ్డొచ్చిన బంతి మీదుగా ఎగరేసే జంప్‌కి మరొకటి, అది 40 అంగుళాలకు తగ్గకూడదని రూలు. పెళ్లికి చేసిన అప్పుకు యుగాలుగా వడ్డీ కడుతున్న దేవుడి ఊరు మాది కాబట్టి ఈఎంఐ అంటే నామోషీ లేదు.

ఇంత చేసి ఆడేది ఏ టేబుల్ మీద? ఒక కాలు కింద మడిచిన అట్టముక్క. మెల్లగా కొట్టిన బంతి చివరి అడుగులో మనసు మార్చుకుని ఎడమ మూలకు తిరుగుతుంది. కుడివైపు కుషన్ రబ్బరు చచ్చిపోయింది, బంతి తగిలితే టక్‌మనదు, ధబ్‌మంటుంది. అసలు తెల్లబంతి పోయిందట, వేరే సెట్‌లోది వాడుతున్నారు. నా 40 వేల షాఫ్ట్ వెంట్రుకవాసి తేడాను సరిచేస్తుంది. ఆ అట్టముక్క జానెడు తేడా తెస్తుంది. పోనీ పార్లర్ కట్టెతోనే ఆడదామా అంటే, దాని కొసన ఉండే తోలు టిప్ అణిగి పక్కలకు పరుచుకుంది, టేబుల్ మీద దొర్లిస్తే కట్టె ఎగిరెగిరి పడుతుంది. ఎదుటివాడు కార్బన్ పట్టుకుని నిలబడితే నేను దాంతో దిగాలా?

అన్యాయం నా ఒక్కడికే అనను, మీ వంశం పెద్దదే. 2006లో అమెరికాలోని రీనోలో, ఇంటర్నేషనల్ పూల్ టూర్ పోటీలో ఎఫ్రెన్ రేయెస్ 5 లక్షల డాలర్లు గెలిచాడు. లోకం మాంత్రికుడని పిలిచే మనిషి ఆయన. అంతా అయ్యాక, మొత్తం ఇప్పుడే ఇవ్వలేమన్నారు నిర్వాహకులు. ఆ టూర్ కూడా ఎక్కువ కాలం నిలవలేదు. పాపం, అక్కడ కూపన్లు కూడా ఇచ్చినట్టు లేరు.

నాకు మండేది ఇంకోటి ఉంది. నిన్నన్నా ఇంటికి తీసుకుపోదామంటే ఇవ్వలేదు కదా! రెఫరీ పిల్లోడు నీ మీద శానిటైజర్ కొట్టి, గుడ్డతో నా పేరు తుడిచేశాడు. పేరు స్కెచ్ పెన్నుతో రాసింది, పోయింది. అంకె ప్రింటు, అది పోదు. ఇప్పటిదాకా ఎంతమంది పేర్లు తుడిచావురా నువ్వు? వాళ్లలో ఒక్కడికైనా ఇరవై వేలు ముట్టిందా?

వచ్చే నెల పోటీకి ఎయిర్ బైపాస్ రోడ్డులో ఫ్లెక్సీ అప్పుడే కట్టేశారు. గెలిచినవాణ్ణి కాబట్టి ప్రతివాడికీ రెండు రాకులు, అంటే రెండు ఆటలు ముందే ఎదురిచ్చి ఆడాలట. ఇస్తాను. కానీ ఫైనల్‌కి ముందు ఆ ఇరవై వేలూ నోట్లుగా టేబుల్ మీద కనపడాలి, అప్పుడే బ్రేక్ కొడతా. కుదరదంటే నా కూపన్లు మీ స్పాన్సర్‌కే ఇచ్చేయండి. ప్లాటు రిజిస్ట్రేషన్‌కి చెల్లుతాయేమో ఆయనే చూసుకుంటాడు, సోమవారం నుంచి శుక్రవారం లోపల.

ఇట్లు,
నీ మీద పేరు తుడిచేయించుకున్న విజేత