ఓటు ఇచ్చి కుర్చీ లాక్కున్నారు

అట్లాంటా చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు బంగారు గోపురం ఉన్న జార్జియా శాసనసభ భవనం తెలిసిందే. ఆ ఆవరణలో, 1868లో నల్లవాళ్లన్న ఒకే ఒక్క కారణంతో సభ నుంచి గెంటేసిన సభ్యుల స్మారక శిల్పం ఉంది. వాళ్లలో హెన్రీ మెక్‌నీల్ టర్నర్ కథ మన సంఘం పెద్దలకు తెలియాలి.

టర్నర్ చర్చి బోధకుడు. అమెరికా అంతర్యుద్ధంలో నల్లజాతి దళానికి మతగురువుగా పనిచేశాడు. తర్వాత జార్జియా కొత్త రాజ్యాంగం రాసిన సభలో కూర్చున్నాడు. అక్కడ మరీ మెతకగా పోయాడు. బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన పక్షానికి అధ్యక్షుడైన జెఫర్సన్ డేవిస్‌కు క్షమాభిక్ష కూడా కోరాడు! నల్లవాళ్లు పదవులు చేపట్టవచ్చని ఆ రాజ్యాంగంలో స్పష్టంగా రాయలేదు. ఓటు హక్కు ఉంటే మిగతాది అందులోనే వస్తుందని నమ్మారు.

జార్జియాలోని మేకన్ పట్టణం నుంచి గెలిచి సభకు వచ్చిన కొద్దినెలలకే ఆ నమ్మకం మెడకు చుట్టుకుంది. ఓటు వేయొచ్చని ఉంది సరే, కుర్చీలో కూర్చోవచ్చని ఎక్కడ రాసుంది అన్నారు తెల్ల సభ్యులు. ఒంట్లో ఎనిమిదో వంతుకు మించి నల్ల రక్తం ఉందని తేల్చలేకపోయిన నలుగురిని మాత్రం ఉండనిచ్చారు. ఆ లెక్క ఎలా కట్టారో! ఖాళీ అయిన సీట్లు ఎన్నికల్లో ఓడినవాళ్లకు దక్కాయి.

సెప్టెంబర్ 3న టర్నర్ సభలోనే నిలబడి, ఏ పార్టీ ముందూ వంగనని, తన హక్కులను అడుక్కోనని తెగేసి చెప్పాడు. అదే నెలలో కమిల్లా ఊళ్లో నల్లవాళ్ల ఊరేగింపుపై కాల్పులు జరిగాయి. చివరికి కోర్టు, అమెరికా కాంగ్రెస్ కలగజేసుకుంటే 1870లో వాళ్లు మళ్లీ సభలో అడుగుపెట్టారు. అదీ శాశ్వతంగా నిలవలేదు. 1907 తర్వాత జార్జియా సభలో నల్ల సభ్యుడు కనబడాలంటే 1962 ఎన్నికల దాకా ఆగాల్సి వచ్చింది.

వాళ్ల కష్టానికీ మన ఇబ్బందులకూ పోలికే లేదు, ఒప్పుకుంటాను. కానీ నోటిమాట నమ్మే అలవాటు మనకూ ఉంది. ఫండ్‌రైజర్ పెడతాం, ఫొటో దిగుతాం, ‘మీకు అండగా ఉంటాను’ అనగానే చప్పట్లు కొడతాం. స్కూళ్ల నిధులు, డ్రైవింగ్ లైసెన్సు నిబంధనలు తేలేది రాష్ట్ర శాసనసభలోనే. అక్కడి బిల్లులు చదివేవాళ్లు మనలో ఎంతమంది? వచ్చే ఉగాది వేదిక మీదకు ఏ అభ్యర్థి వచ్చినా, శాలువా కప్పే ముందు ఆ హామీ ఏ బిల్లులో, ఏ మాటల్లో రాస్తారో అడుగుదాం.