పైకి వెళ్లేవారికి మనవి

లిఫ్టుల చరిత్రలో పేరు మోసిన ఎలీషా ఓటిస్ అనే పెద్దమనిషి మీద నాకు వ్యక్తిగత ద్వేషం ఏమీ లేదు. ఆయన 1861లోనే పోయాడు. పోయినవాళ్ల గురించి చెడు మాట్లాడకూడదని మన పెద్దలు చెప్పనే చెప్పారు. అయినా ఊళ్లో ఇన్ని అపార్టుమెంట్లు, వాటిలో ఇన్ని గొడవలు చూశాక, వీటన్నిటికీ మూలపురుషుడెవరో తేల్చకపోతే చరిత్రకు అన్యాయం చేసినవాళ్లమవుతాం.

లిఫ్టును కనిపెట్టింది ఆయన కాదు. ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే క్విజ్ పోటీల పిల్లలు ఊరుకోరు. తాడు కట్టి బరువులు పైకి లాగడం రోమన్ల కాలం నుంచీ ఉన్నదే. కొలోసియంలో క్రూరమృగాలను నేలమాళిగ నుంచి గోదాలోకి అలాగే ఎక్కించేవారు. 1743లో వెర్సాయ్ కోటలో పదిహేనో లూయీ మహారాజు తన ప్రియురాలి కోసం ‘ఎగిరే కుర్చీ’ ఒకటి పెట్టించాడు. అంటే మృగాలకు, మూటలకు, రాజుగారి ప్రియురాళ్లకు ఆ సౌకర్యం ఎప్పటి నుంచో ఉంది. సంసారులు మాత్రం ఎక్కేవారు కారు. తాడు తెగితే ఏమిటన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు.

జవాబు ఓటిస్ దగ్గర దొరికింది. 1852లో ఆయన న్యూయార్క్ దగ్గర యాంకర్స్ అనే ఊళ్లో ఒక మంచాల ఫ్యాక్టరీ పని చూస్తున్నాడు. బరువైన యంత్రాలను మేడ మీదికి చేర్చాలి. ఆయన చేసిన పని వింటే ‘ఓస్, ఇంతేనా’ అనిపిస్తుంది. గుర్రబ్బండికి వాడే కమాను, అంటే స్ప్రింగు పట్టీ ఒకటి తెచ్చి లిఫ్టు నెత్తిన బిగించాడు. తాడు బిగుతుగా లాగుతున్నంతసేపూ కమాను వంగి ఉంటుంది. తాడు తెగిందా, కమాను ఒక్క ఊపున సాగి, దాని కొసలు అటూ ఇటూ ఉన్న స్తంభాల పళ్లలో ఇరుక్కుంటాయి. లిఫ్టు ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. 1854లో న్యూయార్క్ క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో జనం కళ్లముందే ఆ బల్ల మీద నిలబడి, పైకి లాగించుకుని, తన తాడు తానే నరికించుకున్నాడు. కొన్ని అంగుళాలు జారి బల్ల ఆగింది. తాము కట్టిన ఇంట్లో తాము కాపురం ఉండటానికి జంకే బిల్డర్లు ఈ కథ చదవకపోవడమే మంచిది.

1857లో బ్రాడ్‌వే మీద ఒక అయిదంతస్తుల పింగాణీ సామాన్ల కొట్టులో, ఆవిరితో నడిచే లిఫ్టు మనుషుల కోసం వచ్చింది. 1880లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో సీమెన్స్ అనే ఇంజనీరు కరెంటు లిఫ్టు చూపించాడు. ఆ తర్వాతి సంగతి తల పైకెత్తితే కనబడుతూనే ఉంది.

ఇంతవరకూ నాకు అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా దీనివల్ల లోకమర్యాద తలకిందులైనందుకు.

లిఫ్టు రాకముందు ఎవరు ఎక్కడ ఉండాలో ఎవరూ బోర్డు పెట్టి చెప్పాల్సిన పని ఉండేది కాదు. రోము నగరంలో మేడల కింది భాగం కలవారిది, పైకి పోయిన కొద్దీ లేనివారిది. ఇళ్లు కూలిపోతున్నాయని అగస్టస్ చక్రవర్తి 70 అడుగులకు మించి కట్టకూడదన్నాడు. పారిస్‌లో దుకాణం మీది అంతస్తులో దొరగారు, ఇంటికప్పు కింది ఇరుకు గదుల్లో పనిమనుషులు. ఎండాకాలం ఉడుకుతూ, చలికాలం వణుకుతూ, నీళ్ల బిందె మోసుకుంటూ ఆరంతస్తులు ఎక్కేవారు. ఎవరి స్థాయి ఏమిటో వాళ్ల మోకాళ్లే చెప్పేవి. అంత చక్కటి ఏర్పాటును ఒక మంచాల ఫ్యాక్టరీ మేస్త్రీ పాడుచేశాడు.

ఎలాగంటారా, ఇప్పుడు హైదరాబాద్‌లో కోకాపేట వైపు వెళ్లి పై అంతస్తు ఫ్లాటు అడిగి చూడండి. ‘ఫ్లోర్ రైజ్’ అని ఒక ఛార్జీ చెబుతారు. ఒక్కో అంతస్తు పైకి పోయిన కొద్దీ చదరపు అడుగుకు ఇంతని పెరుగుతుంది. గాలి, వెలుతురు, దూరంగా గండిపేట నీళ్లు, అన్నిటికీ కలిపి. రోములో నిరుపేదకు ఉచితంగా వచ్చిన గాలిని మనం చదరపు అడుగుల లెక్కన కొంటున్నాం. ఆ నిరుపేద ఏమయ్యాడన్నది మీ సందేహమైతే కంగారుపడకండి, క్షేమంగా ఉన్నాడు. కింద సెల్లార్‌లో, లిఫ్టు గుంత పక్కన, మెట్ల కింద ఉన్న గదిలో వాచ్‌మన్‌గా చేరాడు. కప్పు కింది నుంచి సెల్లార్‌కు అంత దూరం లిఫ్టు ఎక్కకుండానే దిగి వచ్చాడు. దీన్ని కూడా ఇంజనీరింగ్ అద్భుతాల జాబితాలో చేర్చాలని నా మనవి.

మనదగ్గర అక్కడక్కడా పాత రోము ఇంకా బతికే ఉంది. అయిదంతస్తుల అపార్టుమెంటు మీద ప్లానులో లేని రేకుల గది ఒకటి లేస్తుంది. దాని పేరు పెంట్‌హౌస్. అమెరికాలో ఆ పేరు వింటే కోటీశ్వరుడు గుర్తొస్తాడు, మనకు బ్యాంకు పరీక్షలకు చదువుకునే నలుగురు బ్రహ్మచారులు గుర్తొస్తారు. లిఫ్టు అక్కడిదాకా రాదు. ఒక అంతస్తు కిందే ఆగి, ‘ఇక మీ దారి మీది’ అంటుంది.

అసలు ప్రమాదం మాత్రం లిఫ్టు పెట్టె లోపలే ఉంది. గోల్కొండ కోట మీదికి నవాబులు పల్లకీల్లో ఎక్కారంటే, అందులో ఒక క్రమం ఉంది. మోసేవాడెవడో మోయించుకునేవాడెవడో చూడగానే తెలిసేది. లిఫ్టులో బోయీలు లేరు. లోపలికి వెళితే అందరూ నిలబడాల్సిందే, అందరూ ఆ ఎర్ర అంకెల వైపే చూడాల్సిందే. పైగా గోడకు ఒక రేకు అతికించి ఉంటుంది: 4 మంది, 272 కిలోలు. 6 మంది, 408 కిలోలు. 8 మంది, 544 కిలోలు. భాగించి చూడండి. మన దేశంలో లిఫ్టు ఎక్కిన ప్రతి మనిషీ 68 కిలోలే. జడ్జిగారైనా 68, ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసి తెచ్చేవాడైనా 68. మనుషులంతా సమానమని రాజ్యాంగం కూడా ఇంత కచ్చితంగా కిలోల్లో రాయలేదు.

ఐరోపావాళ్లు మనిషికి 75 కిలోలు లెక్కకడతారు. మనవాళ్లు ఆ 68 ఏ కరువు కాలంలో తూచారో గానీ, ఫంక్షన్ హాల్లో భోజనం ముగించుకుని వచ్చిన ఆరుగురు బాబాయిలను 408 కిలోల్లో సర్దడం ఓటిస్ తరం కూడా కాదు. బరువు ఎక్కువైందని లిఫ్టు కుయ్యోమంటుంది. అప్పుడు ఎవరు దిగాలి? చివర ఎక్కినవాళ్లు దిగాలన్నది న్యాయం. మనదగ్గర అందరూ ఒకసారి అందరి మొహాలూ చూస్తారు, ఎవరూ ఏమీ అనరు, అంట్లు తోమే అమ్మాయి దిగిపోతుంది. బరువు తగ్గదు. అయినా ఆమె దిగాకే రెండో మనిషిని అడగాలన్న సంస్కారం మనకుంది.

కొన్నాళ్లు లిఫ్టు బాయ్ అనే పదవి మర్యాదను నిలబెట్టింది. 1945లో న్యూయార్క్‌లో లిఫ్టు నడిపేవాళ్లు సమ్మె చేస్తే ఆకాశహర్మ్యాల్లోని ఆఫీసులు స్తంభించాయి. దాంతో యజమానులకు జ్ఞానోదయమై మీట నొక్కితే దానంతటదే పోయే లిఫ్టుల మీద మోజు పెరిగింది. మన సర్కారు ఆఫీసుల్లో మాత్రం ఇప్పటికీ స్టూలు వేసుకుని కూర్చున్న ఆపరేటర్ కనిపిస్తాడు. ఇద్దరు నిలబడే చోటు ఆ స్టూలుదే. ‘సార్ వస్తున్నారు’ అని మనల్ని దింపేసే అధికారం కూడా ఆయనదే.

అపార్టుమెంట్లకు అంత యోగం లేదు. అందుకే అసోసియేషన్లు తెలివిగా ఆలోచించాయి. మొదట ఖర్చు దగ్గర ప్రయత్నించారు. ‘నేను ఎక్కని లిఫ్టుకు మెయింటెనెన్స్ ఎందుకు కట్టాలి?’ అన్నాడు గ్రౌండ్ ఫ్లోర్ ఆయన. ‘మరి మీ ఆవిడ వడియాలు పెట్టడానికి డాబా మీదికి ఎగిరి వచ్చిందా?’ అన్నాడు టాప్ ఫ్లోర్ ఆయన. ఈ వ్యాజ్యం తెలుగునాట లిఫ్టు ఉన్న ప్రతి అపార్టుమెంటులోనూ పెండింగులో ఉంది, ఉంటుంది. దీనివల్ల ఓనర్లు ఓనర్లే కొట్టుకున్నారు తప్ప మర్యాద నిలబడలేదు.

అప్పుడు తట్టింది సర్వీస్ లిఫ్టు. నిజానికి అది సామాను కోసం, స్ట్రెచర్ కోసం పెట్టిన పెద్ద లిఫ్టు. దానికో నోటీసు అంటించారు: పనిమనుషులు, డ్రైవర్లు, డెలివరీ బాయ్‌లు, పెంపుడు జంతువులు దీన్నే వాడవలెను, మెయిన్ లిఫ్టు ఎక్కినచో జరిమానా. మా తాతల ఇళ్లకు వీధి గుమ్మం, దొడ్డి గుమ్మం అని రెండుండేవి. ఎవరు ఏ గుమ్మంలోంచి రావాలో అందరికీ తెలుసు. ఆ దొడ్డి గుమ్మాన్ని నిలువుగా నిలబెట్టి, మోటారు బిగించి, ఇరవై అంతస్తులకూ పంచిన ఘనత మన తరానిది. అది పోయిందని బాధపడేవాళ్లు ఒకసారి వచ్చి నోటీసు చదువుకుంటే మనసు కుదుటపడుతుంది.

దీని వెనకున్న శాస్త్రం లోతైనది. బిర్యానీ సర్వీస్ లిఫ్టులో వస్తుంది. దానికి అంటు లేదు, నేరుగా మన నోట్లోకి పోతుంది. తెచ్చిన కుర్రాడికే ఉంది. పది నిమిషాల్లో రావాలని మనమే అంటాం. ఉన్న ఒక్క సర్వీస్ లిఫ్టూ పద్దెనిమిదో అంతస్తులో సోఫా దింపుతుంటే, పక్కన మెయిన్ లిఫ్టు ఖాళీగా నోరు తెరుచుకుని ఉంటే, అతను అలాగే నిలబడి ఫోన్లో టైము చూసుకుంటాడు. చల్లారిందని స్టార్లు తగ్గించేది మళ్లీ మనమే. ఓటిస్‌కు ముందు లిఫ్టు మూటలదని చెప్పుకున్నాం కదా, నూట డెబ్బై ఏళ్ల తర్వాత కొందరినైనా ఆ మూటల పక్కకు చేర్చగలిగాం.

చిల్లర చిక్కులు కొన్ని మిగిలాయి. మొదటిది కుక్కల విషయం. అదే నోటీసులో తమ పెంపుడు కుక్కను పనిమనుషుల పక్కన రాశారని ఓనర్లు నొచ్చుకున్నారు. వాట్సాప్ గ్రూపులో మూడు రోజులు యుద్ధం జరిగి కుక్కకు మెయిన్ లిఫ్టు మంజూరైంది. మిగిలిన ముగ్గురి తరఫున గ్రూపులో ఎవరూ లేరు కనుక వాళ్ల విషయం చర్చకు రాలేదు. అయితే పొద్దున్నే కుక్కను తిప్పేది పనబ్బాయి. కుక్క మెయిన్‌లో, అతను సర్వీస్‌లో దిగితే గొలుసు చాలదు.

రెండోది అశుభం, కాబట్టి క్లుప్తంగా చెబుతాను. స్ట్రెచర్ పట్టేది సర్వీస్ లిఫ్టులోనే. నోటీసు మీద సంతకం పెట్టిన ప్రెసిడెంటుగారైనా చివరికి దిగాల్సింది అందులోనే. దీనికి సవరణ తెద్దామంటే కమిటీలో అందరికీ అరవై దాటాయి, ప్రతిపాదించడానికి ఎవరూ ముందుకు రావడం లేదు.

మూడోది ఇంకా తేలలేదు. పద్నాలుగో అంతస్తులో ఒక పాప ఉంది. ఫ్లాటు తల్లిదండ్రులది, కాబట్టి పాప ఓనరు. ఎత్తుకున్న ఆయా సర్వీసు. ఇద్దరినీ కలిపి తూచినా 68 కిలోలు దాటరు కాబట్టి రేకు లెక్కన ఒక్క మనిషే. ఆ ఒక్క మనిషి ఏ లిఫ్టు ఎక్కాలి? కమిటీ రెండు సమావేశాలు పెట్టి తీర్పు చెప్పింది: పాప చంకలో ఉన్నంతసేపూ ఆయా మెయిన్ లిఫ్టులో వెళ్లవచ్చు. పాపను ప్లే స్కూల్లో దింపి ఒక్కతే తిరిగొచ్చేటప్పుడు సర్వీస్ లిఫ్టు. బాగానే నడిచింది. ఇప్పుడు పాపకు నడక వచ్చేసింది, చంకెక్కనని మారాం చేస్తోంది. చెయ్యి పట్టుకుని నడిస్తే చంకలో ఉన్నట్టా, లేనట్టా అన్నది వచ్చే ఆదివారం జనరల్ బాడీ అజెండాలో నాలుగో అంశం. కోరం లేకపోతే అరగంట ఆగి, ఉన్నవాళ్లతోనే తేల్చేస్తారు. స్నాక్స్ ఉంటాయి.