వేపచెట్టు జమాఖర్చు

పోయిన వేసవికి ముందు మా ఇంటి ముందున్న వేపచెట్టు కొట్టించాను. కారుకి షెడ్డు కావాల్సి వచ్చింది. చెట్టు వయసు నలభై ఏళ్లకు తక్కువుండదు. దాని కింద నులకమంచం వాల్చుకుని మధ్యాహ్నం ఓ కునుకు తీయడం మా ఆవిడకు అలవాటు. చెట్టు పడిన రోజు ఆవిడ అన్నం ముట్టలేదు. ఇలాంటి విషయాల్లో ఆవేశం పనికిరాదు. నేను ముప్పై ఏళ్లు ఒక ఆఫీసులో లెక్కలు రాసి రిటైరైన మనిషిని. ఆ సాయంత్రమే నర్సరీకి వెళ్లి రెండు మనీప్లాంట్లు, ఒక తులసి, ఒక క్రోటన్ తెచ్చి బాల్కనీలో పెట్టాను. పుస్తకం తీసి రాశాను. ఖర్చు: చెట్టు ఒకటి. జమ: మొక్కలు నాలుగు. నికర లాభం మూడు.

ఈ తెలివి నా సొంతం కాదు. పెద్దల దగ్గర నేర్చుకున్నదే. డెహ్రాడూన్‌లో భారత అటవీ సర్వే సంస్థ ఉంది. రెండేళ్లకోసారి దేశంలో అడవి ఎంతుందో కొలిచి నివేదిక ఇస్తుంది. ఆ కొలత ప్రకారం ఒక హెక్టారుకు మించిన జాగాలో, పైనుంచి చూస్తే పది శాతానికి మించి చెట్ల నీడ కనిపిస్తే అది అడవే. ఎవరి భూమి, ఏం చెట్టు అన్న ప్రశ్న లేదు. మామిడితోట అడవి. కొబ్బరితోట అడవి. సారపాక పేపరు మిల్లు కోసం రైతులు వేసిన జామాయిల్ కూడా అడవే. నాలుగేళ్లకోసారి దాన్ని నరికి కాగితం చేస్తారు, ఆ కాగితం మీద అడవులు పెరిగాయని అచ్చేయొచ్చు. మామిడితోటలో పులి తిరగదు కదా అని కొందరు సణుగుతారు. తిరిగితే కాయలు కోసే కూలీలు వస్తారా?

ఫోటో తీసే వేళ చూడండి. ఉపగ్రహ చిత్రాలు అక్టోబరు, డిసెంబరు మధ్యలోవి తీసుకుంటారు. వానలు పడి, ఆకు నిండి, కొండలన్నీ పచ్చగా నిగనిగలాడే రోజులవి. వేసవిలో మబ్బుండదు కానీ మోడులు కనిపిస్తాయి. పెళ్లిచూపుల ఫోటో జ్వరమొచ్చిన రోజు ఎవరు తీయించుకుంటారు?

అలా చూసుకుంటే 2023 నివేదికలో మనది బంగారు కుటుంబం. అడవి, అడవి బయటి చెట్లు కలిపి దేశ విస్తీర్ణంలో 25.17 శాతం. అడవుల్లో దాగిన కార్బన్ 728 కోట్ల టన్నుల పైచిలుకు, అంతకు ముందు నివేదిక కంటే ఎనిమిది కోట్ల టన్నులు ఎక్కువ. 2030 కల్లా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను చెట్లలో దాస్తామని ప్రపంచానికి మాటిచ్చాం. అందులో 229 కోట్లు ఇప్పటికే దాచేశామట. నా సర్వీసులో ఏ బ్యాలెన్స్ షీటూ ఇంత నవ్వుతూ కనబడలేదు.

అదే నివేదికలో ఇంకో పేజీ ఉంది. కాలిన అడవి లెక్క అది. ఆ పట్టికలో ఆంధ్రప్రదేశ్‌ది దేశంలోనే మొదటి ర్యాంకు, 5,286 చదరపు కిలోమీటర్లు. తెలంగాణది మూడో ర్యాంకు, 3,983. మధ్యలో మహారాష్ట్ర దూరకపోతే మొదటి రెండూ తెలుగువాళ్లవే. ఎంసెట్ ర్యాంకులకు ఫ్లెక్సీలు కట్టే మనం దీనికి ఒక్కటీ కట్టలేదు.

ఈ మంటలు ఎవరు పెడతారంటే చెప్పడం తేలిక. ఇప్పపువ్వు రాలే రోజుల్లో చెట్టు కింద ఆకులు అడ్డమని ఓ ముసలమ్మ అగ్గిపుల్ల గీస్తుంది. కాలిస్తే తునికాకు లేతగా చిగురిస్తుందని ఎవరో నేల తగలబెడతారు. నిజానికి కొమ్మ కొట్టినా చిగురు వస్తుంది, కాకపోతే దానికి కూలి ఇవ్వాలి. తాగి పారేసిన బీడీ ముక్క, వంట చేసుకుని ఆర్పకుండా వదిలేసిన పొయ్యి, గుడికొండ ఎక్కే భక్తుడి సిగరెట్టు, అన్నీ ఉన్నాయి. మన అడవుల్లో ఆకాశం నుంచి పడే నిప్పు చాలా తక్కువ, దాదాపు అంతా మనుషులు వేసిందే. అందులో కేసు పెట్టడానికి అనువుగా దొరికేది ముసలమ్మ ఒక్కతే. ఆ తునికాకు చుట్టిన బీడీలు అమ్మి మేడలు కట్టినవాళ్లు అడవిలో కనబడరు కదా!

మంట అంటుకోగానే పైనున్న ఉపగ్రహం పసిగడుతుంది. బీట్ ఆఫీసర్ ఫోనుకి మెసేజ్ వస్తుంది. ఆయన పచ్చికొమ్మ విరుచుకుని, వేసవికి మాత్రమే పనిలో పెట్టుకున్న ఫైర్ వాచర్లతో కొండెక్కి మంటను బాదుతాడు. మెసేజ్ అంతరిక్షం నుంచి, ఆర్పేది కొమ్మతో. టెక్నాలజీ, సంప్రదాయం ఇంత చక్కగా కలిసిన శాఖ మరొకటి లేదు. 2014 మార్చిలో శేషాచలం కొండలు అంటుకున్నప్పుడు మాత్రం వాయుసేన హెలికాప్టర్లే రావాల్సి వచ్చింది.

ఇక్కడ లెక్కల మనిషిగా ఒక సంగతి ఒప్పుకోవాలి. నల్లమలలోనైనా ఏటూరునాగారంలోనైనా మంట ఎక్కువగా నేల మీదే పాకుతుంది. ఎండుటాకు, బోదగడ్డి, మొలకలు బుగ్గవుతాయి. పెద్ద చెట్టు మొదలు నల్లబడుతుందే కానీ నిలబడుతుంది. తొలకరికి మళ్లీ పచ్చబడుతుంది. డిసెంబరు ఫోటోలో అంతా బాగానే ఉంటుంది. ఏటా మొలకలే పోతుంటాయి కాబట్టి ముప్పై, నలభై ఏళ్లకు అక్కడ ముసలి చెట్లే మిగులుతాయి. పిల్లలంతా అమెరికా వెళ్లిపోయిన ఊరి లాంటి అడవి అన్నమాట. ఓటర్ల జాబితాలో మాత్రం ఊరు నిండుగానే ఉంటుంది.

కెనడా వాళ్లది ఇంకా పెద్ద చదువు. 2023లో అక్కడ కోటిన్నర హెక్టార్లకు తక్కువ కాకుండా అడవి కాలింది. అయిదు నెలల్లో దాదాపు 65 కోట్ల టన్నుల కార్బన్ గాల్లో కలిసింది. చైనా, అమెరికా, ఇండియాలను పక్కన పెడితే మిగతా ఏ దేశమూ ఏడాది పొడుగునా బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చినా అంత వదలదు. మరి ఈ పొగ ఎవరి ఖాతాలో రాశారు? ప్రకృతి ఖాతాలో. పెద్ద కార్చిచ్చులు ప్రకృతి పని కాబట్టి దేశం వదిలిన లెక్కలో కలపరు. కాలిన చోట అడవి మళ్లీ పెరిగి, కోతకొచ్చే వయసుకు చేరాక పీల్చే కార్బన్ మాత్రం దేశం ఖాతాలో జమవుతుంది. మా ఆఫీసులో ఎటూ తేలని మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో వేసి ఆడిటర్ వెళ్లాక నిట్టూర్చేవాళ్లం. ఒక దేశం ఆకాశాన్నే సస్పెన్స్ ఖాతా చేసుకోవచ్చని మాకు తట్టలేదు.

చిక్కేమిటంటే ఆకాశం ఆడిటర్ మాట వినదు. చెట్టు ఎండు బరువులో దాదాపు సగం కార్బన్. ఒక టన్ను కార్బన్ మండితే ఆక్సిజన్‌తో కలిసి 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. దాచుకోవడానికి ఎనభై ఏళ్లు, ఖర్చు పెట్టడానికి ఒక పూట. మనం వదిలే దాంట్లో సగానికి పైగా నేల, చెట్టూ, సముద్రం ఇన్నాళ్లూ నోరెత్తకుండా మింగుతూ వచ్చాయి. ఎండలు ముదిరితే ఆకు తడి ఆరిపోయి త్వరగా అంటుకుంటుంది, అంటుకుంటే పొగ, పొగతో మరింత ఎండ. చక్రవడ్డీ ఇలాగే పుడుతుంది, కాల్‌మనీ తీసుకున్నవాళ్లకు వివరించనక్కర్లేదు.

కాలిఫోర్నియా వాళ్లు ఇదంతా ముందే ఊహించి బీమా పెట్టుకున్నారు. ఒక అడవిని వందేళ్లు కాపాడతానని యజమాని రాసిస్తాడు. ఆ పేరున క్రెడిట్లు, అంటే అడవి దాచిన కార్బన్‌కు రసీదులు, పుడతాయి. ఫ్యాక్టరీ వాడు అవి కొని నిశ్చింతగా పొగ వదులుతాడు. నిప్పంటుకుంటే సర్దడానికని ప్రతి అడవి నుంచీ కొన్ని క్రెడిట్లు తీసి పక్కన పెట్టారు. వందేళ్లకని కార్చిచ్చుల పేరున పక్కన పెట్టిన వాటా పదేళ్లు నిండకుండానే దాదాపు అంతా కరిగిపోయిందని 2022లో ఒక అధ్యయనం తేల్చింది. ఇంకా తొంభై ఏళ్లున్నాయి. చిట్టీ పాడుకుని పరారైనవాళ్ల ఊళ్లో పెరిగాను కాబట్టి నాకేం ఆశ్చర్యమనిపించలేదు.

అడవిని తగలబెట్టి కట్టడాలు కట్టడం కొత్తేమీ కాదని నా వాదన. పన్నెండేళ్ల యాగంలో నెయ్యి తాగి అజీర్తి చేసిన అగ్నిదేవుడికి మందుగా ఖాండవ వనం ఇప్పించారు. కృష్ణార్జునులు కాపలా కాశారు. ఇంద్రుడు వాన కురిపిస్తే అర్జునుడు బాణాల పందిరి వేశాడు. అంటే మంట ఆర్పడానికి వచ్చిన ఫైరింజన్‌ని వెనక్కి తిప్పి పంపారు. ప్రాణాలతో బయటపడ్డ మయుడు అక్కడే బ్రహ్మాండమైన సభ కట్టిచ్చాడు. నాకు తెలిసి బిల్డర్‌కి పునరావాసం కల్పించిన మొదటి ప్రాజెక్టు అదే. ఆ సభలో దుర్యోధనుడు నేలనుకుని మడుగులో పడ్డాక కథ ఏ మలుపు తిరిగిందో మనకనవసరం.

మనవాళ్లు ఆ దారినే నడుస్తున్నారు. 2025 ఉగాది నాడు, ఊరంతా వేపపువ్వు పచ్చడి తింటుంటే, హైదరాబాద్‌లో కంచ గచ్చిబౌలిలోని నాలుగు వందల ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. సెలవుల్లో కూడా పని చేసే అధికారులు మనకు లేరని ఇక ఎవరూ అనకూడదు. అది అడవి అని ఏ రికార్డులోనూ లేదన్నారు. నెమళ్లూ జింకలూ రికార్డు చూసుకోకుండా అక్కడ కాపురం పెట్టడం వాటి తప్పే. దాదాపు వంద ఎకరాల్లో చెట్లు పడ్డాక ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. అదే కోర్టు 1996లో అడవి అంటే నిఘంటువులో ఏ అర్థం ఉందో అదే అర్థమని తీర్పు చెప్పింది. అప్పటినుంచి నిఘంటువులంటే రియల్ ఎస్టేట్ వాళ్లకు గిట్టదు.

చూడండి, మామిడితోట అడవి అవుతుంది, నెమళ్లున్న పొద అడవి కాదు. లెక్క తెలియనివాళ్లకు ఇది తిరకాసులా ఉంటుంది. జమ రాసేటప్పుడు ఉపగ్రహాన్ని అడగాలి, ఖర్చు రాసేటప్పుడు రెవెన్యూ రికార్డుని అడగాలి. అంతే.

ఖర్చు మరీ పెద్దదైతే పరిహార వనీకరణ ఉంది. గ్రేట్ నికోబార్ దీవిలో ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్ కోసం 130 చదరపు కిలోమీటర్ల వానాడవి తీసుకుంటున్నారు. బదులుగా మొక్కలు ఎక్కడ నాటుతారనుకున్నారు? హర్యానాలో. సముద్రం మధ్య దీవిలో చెట్టు, ఎడారి గాలి తగిలే చోట మొక్క. విశాఖలో పన్ను పీకించుకుని ఆదిలాబాద్‌లో ఇంకొకడికి కట్టించినట్టుందని మా ఆవిడ అంది. ఆవిడకు జాతీయ దృక్పథం తక్కువ.

తెలంగాణ కూడా 2015లో హరితహారం మొదలుపెట్టి, 24 శాతం పచ్చదనాన్ని 33 చేస్తామంది. 230 కోట్ల మొక్కలు లక్ష్యం. రోడ్ల పక్కన కోనోకార్పస్ ముచ్చటగా పెరిగింది. పశువు తినదు, నీళ్లు పెద్దగా అడగదు, ప్రభుత్వ మొక్కకు ఉండాల్సిన లక్షణాలన్నీ ఉన్నాయి. తీరా పెరిగాక అది నాటొద్దన్నారు. ఒకే గుంతలో ఏటా వన మహోత్సవం చేసుకోగల దేశంలో మొక్క బతకడం ముఖ్యం కాదు. గుంత బతికుంటే చాలు.

నా పుస్తకానికి వస్తాను. రెండు మనీప్లాంట్లలో ఒకటి మే నెల ఎండకు మాడిపోయింది. దాన్ని కెనడా పద్ధతిలో ప్రకృతి ఖాతాకు మార్చాను. క్రోటన్‌ని పక్కింటి మేక తినేసింది, అది సస్పెన్స్‌లో ఉంది. తులసికి నీళ్లు పోసేది మా ఆవిడే అయినా జమ నా పేరునే ఉంది. వేప మొదలు సన్నగా చిగురించింది కాబట్టి అక్టోబరులో దాన్ని ఫోటో తీసి మరో చెట్టుగా జమ రాసుకోవాలనుకుంటున్నాను. ఏడాది చివరికి ఎలా చూసినా లాభమే.

నిన్న మధ్యాహ్నం షెడ్డు రేకులు కాగి, ఇంట్లో కరెంటు పోయి, ఫ్యాను ఆగింది. మా ఆవిడ నులకమంచం భుజానేసుకుని గుమ్మంలో నిలబడింది. ఆ పుస్తకంలో నీడ ఏ పేజీలో ఉందో చెప్తే అక్కడ వాల్చుకుంటానంది.