మహారాజశ్రీ వాషింగ్ మెషిన్ డ్రెయిన్ పైపు గారికి

ఉభయకుశలోపరి. తిరుపతిలో మే నెల. మేం కల్యాణి డ్యాం వైపు, తెలుగుగంగ వైపు మెడలు చాచి చూస్తుంటే, తమరు ఉతుకు ఉతుక్కీ 100 లీటర్లదాకా సైడు కాలువకు ధారపోస్తున్నారు. వాకిట్లో ఆగిన ట్యాంకరు చక్రాల పక్కనుంచే తమరి నురుగు పారుతుంటే, ఆ వైభోగం చూడ్డానికి రెండు కళ్లు చాలవు!

పాతిళ్లలో జలదారి నీళ్లు నేరుగా పెరట్లో అరటిపాదులోకి పోయేవి. తమరికి అది నామోషీ కాబోలు.

మిమ్మల్ని దారి మళ్లించడానికి కావలసింది ఒక మూడు దారుల వాల్వు, 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము. డ్రమ్ము అడుగున బెత్తెడు 20 ఎంఎం కంకర, దానిపైన బెత్తెడు సన్న రాతి చిప్స్, ఆపైన జానెడున్నర కడిగిన ముతక ఇసుక. మిగతాది ఖాళీగా వదలాలి. మెషిను ఒక్కసారే 40 లీటర్లు కక్కేస్తే ఇసుక అంత తొందరగా తాగలేదు మరి. అంచు కింద పొర్లుగొట్టం ఒకటి పెట్టి కాలువలోకే వదలండి, మీ పాత స్నేహం చెడకుండా. డ్రమ్ము అడుగునుంచి నీళ్లు బయటికి తెచ్చే గొట్టం అరటిపాదు దాకా 4 అడుగులకు అంగుళం చొప్పున వాలాలి. పంపు లేని టాప్‌లోడ్ మెషినైతే నీళ్లు కిందికే జారతాయి కాబట్టి డ్రమ్మును గోతిలో దించక తప్పదు.

మీ నోటికి పాత నైలాన్ సాక్సు కట్టకపోతే బట్టల పీచు ఇసుకమీద కంబళిలా పరుచుకుంటుంది. నీళ్లు దిగడం మందగిస్తే పైన రెండంగుళాల ఇసుక గీకి, కడిగి వేయాలి. డ్రమ్ములో ఒక రోజు దాటి నిలవుంచారా, కంపు వీధి చివరిదాకా మీ పేరు చెబుతుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు సబ్బుపొడి. అందులో సోడియం ఉప్పులెక్కువ. బంకమట్టి రేణువులు విడిపోయి సందులు పూడుకుపోతాయి, పాదులో నీళ్లు ఇంకక గుంటలా నిలుస్తాయి. అందుకే మొదటి ఉతుకు నీళ్లు, పసిపిల్లల గుడ్డల నీళ్లు వాల్వు తిప్పి కాలువకే పోనివ్వండి. జాడించిన నీళ్లు మాత్రం అరటికి, కొబ్బరికి, మెట్టతామరకు. ఆకుకూరల మడికీ ముల్లంగి మడికీ వద్దు.

ఇట్లు,
మీ నురుగు దాటుకుని బిందెలు మోసేవాళ్లు

తా.క.: వంటగది సింకు పైపు కూడా ఈ డ్రమ్ములో చోటడుగుతోందట. రానివ్వకండి. దాని జిడ్డుకు ఇసుక పది రోజులు కూడా ఆగదు.