కప్పు కాపలా చరిత్ర

ఫుట్‌బాల్ ప్రపంచ కప్ చరిత్ర అనగానే అందరూ పీలే, మారడోనా, ఎవరెన్ని గోల్స్ కొట్టారు అని మొదలుపెడతారు. ఆ కప్పును ఎవరు ఎలా కాపాడారన్న అసలు విషయాన్ని మన పండితులు పట్టించుకోకపోవడం విచారకరం. ఆ లోటు తీర్చడానికే ఈ పరిశోధన.

1930లో ఉరుగ్వేలో తొలి టోర్నీ. జట్లు 13. సముద్రం దాటి వచ్చిన యూరప్ జట్లు నాలుగే. కప్పు, అంటే వెండికి బంగారు పూత పూసిన విజయదేవత బొమ్మ, ఎత్తు 35 సెంటీమీటర్లు, ప్రపంచ ఫుట్‌బాల్ సంఘమైన ఫిఫా అధ్యక్షుడు జూల్స్ రిమే వెంట ఓడెక్కి వచ్చింది. అక్కడిదాకా క్షేమం.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేనాటికి కప్పు ఇటలీ చేతిలో ఉంది. అక్కడి ఫుట్‌బాల్ అధికారి బరాస్సి దాన్ని బ్యాంకు నుంచి తెచ్చి, బూట్ల డబ్బాలో పెట్టి, మంచం కిందికి తోశాడు. యూరప్ తగలబడింది గానీ డబ్బా మాత్రం కదల్లేదు. పోపుల డబ్బాలో నోట్లు దాచే మన ఆడవాళ్లకు ఈ శాస్త్రం కొత్తేమీ కాదు.

ఇక 1966. లండన్‌లో స్టాంపుల ప్రదర్శన. కప్పును అద్దాల పెట్టెలో పెట్టి కాపలా మనుషుల్ని నియమించారు. మార్చి 20న కప్పు మాయం. పక్కనే ఉన్న లక్షల పౌండ్ల విలువైన స్టాంపులను దొంగ ముట్టుకోలేదు. ఆటంటే అంత అభిమానం! స్కాట్లాండ్ యార్డ్ వారం రోజులు వెతికింది. చివరికి పికిల్స్ అనే కుక్క షికారుకెళ్లి, పొద పక్కన పేపర్లో చుట్టిన పొట్లాన్ని వాసన పట్టింది. పోలీసులు వెంటనే తమ ప్రతిభ చూపించారు: ముందు కుక్క యజమానినే అనుమానించారు. ఆ ఏడాది ఇంగ్లండ్ గెలిచింది. విజయ విందుకు పికిల్స్‌కు ఆహ్వానం అందింది. ఆటగాళ్ల భార్యలను మాత్రం వేరే గదిలో కూర్చోబెట్టారు. ఎవరి సేవలకు తగ్గ గౌరవం వాళ్లకి.

1970లో మూడోసారి గెలిచిన బ్రెజిల్‌కు కప్పును శాశ్వతంగా ఇచ్చేశారు. శాశ్వతం అంటే 13 ఏళ్లని 1983 డిసెంబర్‌లో తేలింది. రియోలో ఫుట్‌బాల్ సంఘం ఆఫీసులో కప్పును పెట్టిన బీరువాకు ముందు బుల్లెట్ దూరని అద్దం, వెనక మామూలు చెక్క. వీధి తలుపుకు తాళం వేసి పెరటి తలుపు వదిలేసినట్టు. దొంగలు మర్యాదగా వెనకనుంచి వచ్చారు. కప్పు ఇప్పటికీ దొరకలేదు, కరిగించేశారని లోకం అనుకుంటోంది. ఈ కేసులో శిక్ష పడ్డవారిలో అర్జెంటీనా బంగారం వ్యాపారి ఒకడు. ఫుట్‌బాల్‌లో బ్రెజిల్‌కు అర్జెంటీనా బద్ధ ప్రత్యర్థి అని తెలిసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు వాడుతున్న కప్పు 1974 నాటిది. దీని విషయంలో ఫిఫాకు జ్ఞానోదయమైంది. గెలిచినవాళ్లు ముద్దులు పెట్టుకుని ఫొటోలు దిగాక, అద్దె నగల్లా వెనక్కి తీసేసుకుని పూత పూసిన నకలు చేతిలో పెడుతుంది.

పికిల్స్ మెడపట్టీ మాత్రం మాంచెస్టర్‌లోని ఫుట్‌బాల్ మ్యూజియానికి చేరింది. దాన్ని ఎవరూ ఎత్తుకుపోయినట్టు లేదు.