లక్ష్యం అందరికీ, పరిశోధన కొందరికా?

హైదరాబాద్ చుట్టుపక్కల పారిశ్రామికవాడల్లోని చిన్న ఉక్కు మిల్లులకు రాత్రి షిఫ్టులో వెళ్లి చూడండి. విద్యుత్తుతో నడిచే ఇండక్షన్ ఫర్నేసులో తుక్కు కరుగుతుంది, అచ్చులో పడుతుంది, ఎర్రగా కాలిన బిల్లెట్‌గా, అంటే పొడవాటి ఉక్కు దిమ్మగా బయటికి వస్తుంది. చాలాచోట్ల దాన్ని ఆవరణలో పేర్చి చల్లారబెడతారు. ఆ తర్వాత ఎప్పుడో అదే బిల్లెట్‌ను మరో కొలిమిలోకి నెట్టి, బొగ్గో నూనెయో మండించి మళ్లీ 1,200 డిగ్రీల దాకా కాలుస్తారు. అప్పుడు గానీ అది కడ్డీగా సాగదు. డబ్బు పోసి పుట్టించిన వేడిని గాలికి వదిలేసి, అదే వేడిని మళ్లీ డబ్బు పోసి కొనుక్కోవడం ఇది. యజమానికి ఇది తెలియక కాదు. బిల్లెట్‌ను చల్లారనివ్వకుండా నేరుగా మిల్లులోకి పంపాలంటే రెండు యంత్రాల వేగం కలవాలి, ఉక్కు నాణ్యత నిలకడగా ఉండాలి, లేఅవుట్ మారాలి. పాతిక, ముప్పై ఏళ్ల కిందటి షెడ్డులో అది ఎలా చేయాలో చెప్పే నాథుడు లేడు.

చెప్పేవారు లేరు గానీ, అడిగేవారు మాత్రం వరుసకట్టారు. దిగుమతులపై ఐరోపా సమాఖ్య వేసే కార్బన్ సుంకం 2026 జనవరి 1 నుంచి పూర్తిస్థాయిలో అమల్లోకి వచ్చింది. కేంద్ర ఉక్కు శాఖ 2024 డిసెంబరులోనే గ్రీన్ స్టీల్‌కు నిర్వచనం ఖరారు చేసింది. టన్ను ఉక్కుకు 2.2 టన్నుల లోపు కార్బన్ డయాక్సైడ్ వెలువడితేనే నక్షత్రాల రేటింగు, 1.6 టన్నుల లోపైతే అయిదు నక్షత్రాలు. దేశ సగటే దాదాపు రెండున్నర టన్నులు. ముడి ఇనుప ఖనిజాన్ని కరిగించకుండానే స్పాంజ్ ఐరన్ అనే ఇనుముగా మార్చే బొగ్గు బట్టీలనుంచి ఇండక్షన్ ఫర్నేసు మీదుగా వచ్చే ఉక్కు ఆ సగటునూ దాటిపోతుంది. చిన్న మిల్లు కడ్డీ ఐరోపాకు వెళ్లదు కాబట్టి ఈ బెడద లేదనుకోవడం భ్రమ. ప్రభుత్వ కొనుగోళ్లలో గ్రీన్ స్టీల్‌ను తప్పనిసరి చేయాలన్న ఆలోచన ఢిల్లీలో ఎప్పటినుంచో నలుగుతోంది. రేపు వంతెనకో, ఆసుపత్రి భవనానికో టెండరు పిలిచినప్పుడు నక్షత్రం లేని కడ్డీ గేటు బయటే ఆగిపోతుంది.

లక్ష్యం పెట్టడాన్ని మేము తప్పుపట్టడం లేదు. ఆ లక్ష్యం చేరే దారి వెతికే పరిశోధనకు ప్రభుత్వం ఏం చేస్తోందన్నదే మా ప్రశ్న. అక్కడికి వచ్చేసరికి చెప్పేవి శ్రీరంగనీతులు.

జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్ మొత్తం కేటాయింపు రూ.19,744 కోట్లు. అందులో ఉక్కు రంగంలో ప్రయోగాలకు 2029-30 వరకు ఇస్తామన్నది రూ.455 కోట్లు. ఆ డబ్బుతో 2024 అక్టోబరులో మంజూరు చేసిన మూడు ప్రయోగాలూ హైడ్రోజన్ చుట్టూ తిరిగేవే. హైడ్రోజన్ కావలసిందే, కాదనం. కానీ ఇవాళ కొలిమి మూతిలోంచి పోతున్న వేడిని పట్టుకోవడం ఎలాగో తేల్చకుండా పదిహేనేళ్ల తర్వాతి ఇంధనం గురించి మాట్లాడటం నేల విడిచి సాము చేయడమే. ఉక్కును కరిగించడానికి శాస్త్రం లెక్కన టన్నుకు 400 యూనిట్ల లోపు విద్యుత్తు చాలు. ఇండక్షన్ ఫర్నేసుల్లో మామూలుగా 550 నుంచి 700 యూనిట్ల దాకా కాలుతోంది. ఆ తేడా ఎక్కడికి పోతోంది? మూత లేని ఫర్నేసు నోటిలోంచి, కాయిల్‌ను చల్లార్చే నీటిలోంచి, తుప్పుపట్టిన తుక్కు వల్ల పేరుకునే చిట్టెంలోంచి, పోత పోసేదాకా వేచి ఉండే నిమిషాల్లోంచి పోతోంది. దీనికి మందు కనిపెట్టడానికి అంతరిక్ష విజ్ఞానం అక్కరలేదు. ఒక ప్రయోగశాల, కొందరు ఇంజినీర్లు, కొన్నేళ్ల ఓపిక, ప్రభుత్వ డబ్బు కావాలి.

ప్రభుత్వ డబ్బే ఎందుకంటే, ఈ పని మన కోసం ఇంకెవరూ చేయరు. స్పాంజ్ ఐరన్ ఉత్పత్తిలో భారత్ ప్రపంచంలోనే మొదటిది, అందులో అధిక భాగం బొగ్గు బట్టీలదే. దేశంలో తయారయ్యే ఉక్కులో మూడో వంతు దాకా ఇండక్షన్ ఫర్నేసుల్లో పుడుతోంది. ఇంత పెద్ద ఎత్తున ఈ రెంటినీ నమ్ముకున్న దేశం మరొకటి లేదు. చైనా 2017లో ఇండక్షన్ ఫర్నేసు ఉక్కును మూసివేయించింది. జర్మనీ, జపాన్, కొరియా శాస్త్రవేత్తలు వాళ్ల పెద్ద కర్మాగారాల కోసం పరిశోధిస్తారు తప్ప మన బళ్లారి బట్టీ పొగగొట్టంలోంచి దాదాపు వెయ్యి డిగ్రీల వేడితో వెళ్లిపోయే వాయువుల గురించి ఎందుకు తల పట్టుకుంటారు? అరువు తెచ్చుకుందామన్నా దొరకని విద్య ఇది. మనమే కనిపెట్టుకోవాలి.

దొరికేచోట అరువు తెచ్చుకున్నది ఎంత మేలు చేసిందో తెలుగువారికి కొత్తగా చెప్పనక్కరలేదు. విశాఖ ఉక్కు కర్మాగారంలో ఎర్రగా కాలిన కోక్ (బట్టీలో కాల్చి తయారుచేసిన బొగ్గు) మీద నీళ్లు గుమ్మరించి ఆర్పరు. నైట్రోజన్ వాయువుతో చల్లార్చి, ఆ వేడితో ఆవిరి పుట్టించి, విద్యుత్తు తీస్తారు. దేశంలో ఆ పద్ధతిని ముందుగా తెచ్చుకున్నది విశాఖే. అది దాదాపు నలభై ఏళ్ల కిందట సర్కారు డబ్బుతో, సర్కారు పట్టుదలతో జరిగింది. పెద్ద కర్మాగారానికి పనికొచ్చిన ఆ వివేకం చిన్న కొలిమి దగ్గరికి వచ్చేసరికి ఏమైంది?

నిధులు పరిమితం కాబట్టి ఎక్కువ ఉక్కు తీసే పెద్ద కర్మాగారాలపైనే ముందు ఖర్చుపెట్టడం మేలన్న వాదన ఒకటుంది. వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే నిధుల చరిత్ర వేరే కథ చెబుతోంది. 1978 నుంచి 1994 దాకా ప్రధాన కర్మాగారాలు అమ్మిన ఉక్కుపై కొనుగోలుదారుల దగ్గర అదనంగా వసూలు చేసి ఉక్కు అభివృద్ధి నిధిని కూడబెట్టారు. ఇల్లు కట్టుకున్నవాడు, నాగలి కొన్నవాడు, రేకుల షెడ్డు వేసుకున్నవాడు తలా ఇంత చెల్లించిన డబ్బు అది. పరిశోధనకూ దాన్ని వాడతామన్నారు, కొంత వాడారు కూడా. కానీ 2000లో ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ ఆర్థిక పునర్వ్యవస్థీకరణ పేరిట ఆ నిధికి రావలసిన రూ.5,073 కోట్ల అప్పును ఒక్క సంతకంతో మాఫీ చేశారు. పెద్దవారి నష్టం పూడ్చడానికి వేల కోట్లు దొరికినప్పుడు గుర్తుకురాని పరిమితి చిన్నవారి కొలిమికి పరిశోధన అడిగినప్పుడే ఎందుకు గుర్తొస్తుంది?

ఇప్పుడు లక్ష కోట్ల పరిశోధన నిధి అంటున్నారు. 2025 జూలైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఆ పథకం ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో దీర్ఘకాలిక రుణాలిస్తుంది. అదీ ప్రయోగశాలలో కొంత దూరం నడిచి వచ్చిన సాంకేతికతకే. సొంత ప్రయోగశాల ఉన్న సంస్థకు అది వరం. పాతిక మంది కార్మికులతో నడిచే ఫౌండ్రీ (లోహాన్ని పోత పోసే చిన్న కర్మాగారం) ఏ పత్రం పట్టుకుని అక్కడికి వెళ్తుంది? చిన్న పరిశ్రమల కోసమంటూ అదే నెలలో ఇంధన సామర్థ్య బ్యూరో రూ.1,000 కోట్ల పథకం తెచ్చింది. బిల్లెట్లను మళ్లీ కాల్చి కడ్డీలుగా సాగదీసే రీరోలింగ్ మిల్లులు, ఫౌండ్రీలు అందులో ఉన్నాయి. సంతోషమే. కానీ అది యంత్రం కొనడానికి తీసుకునే అప్పుపై వడ్డీ రాయితీ. కొనదగ్గ యంత్రం ఇంకా పుట్టనిచోట వడ్డీ రాయితీ దేనికి?

చిన్న ఉక్కు రంగం కోసమే ఏర్పాటైన జాతీయ సంస్థ పంజాబ్‌లోని మండీ గోవింద్‌గఢ్‌లో ఉంది. గ్రీన్ స్టీల్ వచ్చాక దానికి అప్పగించిన కొత్త బాధ్యత, కర్బన ఉద్గారాలు లెక్కించి నక్షత్రాల ధ్రువపత్రాలు జారీచేయడం. పేషెంటుకు జ్వరం ఎంతుందో కొలిచే పని ఇచ్చారు సరే. మందు తయారుచేసే పని ఎవరిదో చెప్పలేదు. మన హైదరాబాద్‌లో కంచన్‌బాగ్, బాలాపూర్‌లలో లోహశాస్త్రంలో దేశమంతా గౌరవించే ప్రయోగశాలలున్నాయి. రక్షణ రంగం, అధునాతన పదార్థాలు వాటి బాధ్యత, దాన్ని తగ్గించమని ఎవరూ అడగరు. జీడిమెట్ల కొలిమి సమస్యపై పనిచేయడానికి అక్కడో చిన్న విభాగం పెట్టి నిధులివ్వాలన్న ఊహ కూడా ఢిల్లీకి రాకపోవడమే విచారం.

చేస్తే జరగదా అంటే, జరిగింది కూడా. 2004లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో ఉక్కు శాఖే రీరోలింగ్ మిల్లుల్లో ఇంధన పొదుపు ప్రాజెక్టు నడిపింది. ముప్పైకి పైగా మిల్లులను నమూనాలుగా తీర్చిదిద్దింది. ఇంధనం తగ్గింది, పక్క మిల్లులవాళ్లు వచ్చి చూసి నేర్చుకున్నారు. బయటినుంచి డబ్బు వచ్చినంతకాలం సాగిన ఆ పనిని సొంత బడ్జెట్‌తో శాశ్వత కార్యక్రమంగా నిలబెట్టుకోలేకపోయిన శాఖే ఇవాళ అవే మిల్లులకు నక్షత్రాలు లెక్కపెట్టి మార్కులు వేస్తానంటోంది. ఈ ద్వంద్వ నీతిని ఎలా సమర్థించుకుంటుంది?

చిన్న కొలిములకు గ్రీన్ స్టీల్ షరతు పెట్టే ముందు కేంద్రం వాటి కోసం ప్రత్యేక పరిశోధన నిధి ప్రకటించాలి. అప్పుగా కాదు, గ్రాంటుగా. ఆ డబ్బుతో కనిపెట్టిన పద్ధతి, గీసిన ప్రతి డిజైను తెలుగు, పంజాబీ, హిందీ, కన్నడ భాషల్లో ఏ మిల్లు యజమానికైనా ఉచితంగా దొరకాలి. ఆ పని మొదలుపెట్టని ఉక్కు శాఖకు చిన్న మిల్లు గేటు మీద సున్నా నక్షత్రాల బోర్డు తగిలించే హక్కు లేదు. ఆ శాఖ అధికారులు ముందు ఒక్క రాత్రి వచ్చి బిల్లెట్ల గుట్ట పక్కన నిలబడాలి. తెల్లవారేలోగా అక్కడ చల్లారిపోయే వేడి ఎంతో లెక్క కట్టుకుని, ఆ తర్వాత మాట్లాడాలి.