రాహువు దగ్గర ఇంజను

మార్చి 8 రాత్రి, శ్రీకాకుళంలో మా మేనమామ ఇల్లు. ఆయన బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. హైస్కూలు చదువంతా నాకు ఆ ఇంట్లోనే, ఆయన బడిలోనే. నేను ల్యాప్‌టాప్‌లో కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ ఆడుతున్నాను. కెర్బిన్ అనే ఊహా గ్రహం నుంచి మనమే రాకెట్లు కట్టి ఎగరేసే ఆట అది. కెర్బిన్‌కు రెండు చందమామలు: మన్, మిన్మస్. మావయ్య నా వెనక నిలబడి కాసేపు చూసి మొదలుపెట్టారు. ఈ ఆట అసలు ఆకాశాన్ని నేర్పుతుందా, లేదా అన్నదే మా వాదన. రాస్తున్నది నేను కనుక నా మాటలు కాస్త పొడుగ్గా ఉంటాయి. తిన్న దెబ్బలు మాత్రం దాచలేదు.

మావయ్య: ఆ మన్ వ్యాసార్ధం ఎంత?

నేను: 200 కిలోమీటర్లు.

మావయ్య: మన చంద్రుడిది 1,737. మరి గురుత్వం?

నేను: ఇంచుమించు మన చంద్రుడిదే.

మావయ్య: (కరెంటు బిల్లు వెనక లెక్క వేసి) ఘన సెంటీమీటరుకు 29 గ్రాములు వస్తోందిరా! మూలకాలన్నిటిలోకీ బరువైన ఆస్మియమే 22.6. ఇది చందమామ కాదు, తూకపురాయి.

నేను: గ్రహాలను పదో వంతుకు కుదించారు మావయ్యా. మీ బడిలో గ్లోబు కూడా చంకలో పట్టేంతే ఉండేది. దాన్ని అబద్ధమన్నామా?

మావయ్య: గ్లోబు ఇరవై మూడున్నర డిగ్రీలు ఒరిగి ఉంటుంది. నీ కెర్బిన్ ఒరిగిందా?

నేను: లేదు. ఆ ఆటలో ఏ గ్రహమూ ఒరగదు.

మావయ్య: అయితే ఉత్తరాయణమూ లేదు, దక్షిణాయనమూ లేదు. ఏడాది పొడవునా సూర్యుడు ఒకే చోట ఉదయిస్తాడు. మార్చిలో, అక్టోబరులో మాత్రమే అరసవల్లి స్వామి మీద పడే కిరణాలు అక్కడ రోజూ పడతాయి. పాలవాడు వచ్చినట్టే! ఇక మన్ కక్ష్యకు వాలు ఎంత? సున్నా. అంటే ప్రతి అమావాస్యకూ గ్రహణమే. సుమారు 39 గంటలకొకసారి పట్టు స్నానం, విడుపు స్నానం. మీ అత్తయ్య ఇన్ని దర్భలు ఎక్కడ తెస్తుంది?

నేను: నేను పట్టుకున్నదీ అక్కడే. చంద్రుడి కక్ష్య 5 డిగ్రీలు వాలి ఉంటుంది కనుక ప్రతి అమావాస్యకూ గ్రహణం రాదని ఎనిమిదో తరగతిలో మీరే చెప్పారు. రాసి మార్కులు తెచ్చుకున్నాను, అర్థం మాత్రం కాలేదు. ఈ ఆటలో మన్ నీడ ఒక్క నెల కూడా తప్పకుండా కెర్బిన్ మీద పాకుతుంటే, మన ఆకాశంలో ఎందుకు తప్పుతోందని మొదటిసారి అడిగాను. తర్వాత మిన్మస్‌కు బయల్దేరాను. దూరం 47,000 కిలోమీటర్లు, తొమ్మిది రోజుల దారి. అక్కడ రోజంటే ఆరు గంటలే లెండి. దూరం లెక్క తప్పలేదు. తీరా చేరేసరికి మిన్మస్ నా నెత్తిన నాలుగు వేల కిలోమీటర్ల పైన ఉంది! దాని కక్ష్య 6 డిగ్రీలు వాలి ఉంటుంది. రెండోసారి వెళ్ళినప్పుడు పటంలో రెండు చిన్న గుర్తులు చూశాను. నా నౌక తిరిగే తలమూ మిన్మస్ తిరిగే తలమూ కోసుకునే చోట్లు అవి. ఒకటి పైకెక్కే చోటు, రెండోది దిగే చోటు. అక్కడ ఇంజను మండించి దారి వంచాలి. అవేమిటి మావయ్యా? మన చంద్రుడి దారీ సూర్యుడి దారీ కోసుకునే చోట్లయితే రాహుకేతువులే కదా! పామూ లేదు, తలా లేదు, ఉన్నవి రెండు చోట్లు. ఇరవయ్యేళ్ళు వచ్చేదాకా ఈ మాట నాకెవరూ చెప్పలేదు.

మావయ్య: నేను చెప్పాను.

నేను: చెప్పలేదు.

మావయ్య: బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పాను. ఆ రోజు నువ్వు బడికి రాలేదు.

నేను: సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్ళాను. సెలవు చీటీ మీద సంతకం పెట్టింది మీరే.

మావయ్య: ఒక్క రోజుకు పెట్టాను. నాలుగు రోజులకు వచ్చావు.

అత్తయ్య: (వంటింట్లోంచి) ఐదు.

మావయ్య: సరే, అది పోనీ. సూర్యుణ్ణి చూడటానికి ఇస్రో పంపిన ఆదిత్య ఎల్1 నౌకను నీ ఆటలో నిలబెట్టి చూపించు.

నా నోరు మూతపడింది. ఆ ఆటలో నౌకను ఒక సమయంలో ఒక్క గోళమే లాగుతుంది. మన్ పరిధిలోకి వెళ్ళిన క్షణాన కెర్బిన్ లాగడం మానేస్తుంది. సూర్యుడూ భూమీ ఇద్దరూ లాగితేనే, ఆ నౌక నిలిచే ఎల్1 అనే చోటు ఉంటుంది.

మావయ్య: అరసవల్లి పక్కన కూర్చుని, ఆదిత్యుడి పేరున్న నౌకకు చోటులేని ఆట ఆడుతున్నావు! 1972లో అపోలో 16 చంద్రుడి చుట్టూ వదిలిన చిన్న ఉపగ్రహం 35 రోజులకే కూలింది. చంద్రుడి లోపల బరువు సమంగా పరుచుకుని లేదు, అక్కడక్కడా ముద్దకట్టి ఉంది. అదే నీ మన్ చుట్టూ వదిలితే?

నేను: ఎన్నాళ్ళైనా తిరుగుతుంది. ఒప్పుకున్నాను. కానీ అన్ని గోళాలూ ఒకేసారి లాగేలా ప్రిన్సిపియా అనే ప్రోగ్రాము రాసి కలిపింది ఆట అభిమానులే. ఆడినవాళ్ళకే ఆ లోటు కనిపించింది.

మావయ్య: నువ్వు ఎక్కించావా?

నేను: ఇంకా లేదు.

ఆయన జేబులోని పెన్ను తీసి, నేల నుంచి మీటరు ఎత్తున పట్టుకుని వదిలారు. టక్కున పడింది.

మావయ్య: మిన్మస్ మీద?

నేను: అక్కడి గురుత్వం 0.49. రెండు సెకన్లు పడుతుంది.

మావయ్య: (గాలిలో వేలితో వర్గమూలం తీసి) ఊఁ, లెక్క తప్పలేదు. పొద్దున్నే నాలుగున్నరకు లేపుతాను, గుడికి వెళదాం.

నేను: మబ్బు పడితే?

మావయ్య: ఎల్లుండి చూద్దాం. ఎల్లుండీ పడితే అక్టోబరు దాకా ఆగడమే.

నేను: అదే కెర్బిన్‌లో అయితే...

మావయ్య: నోరు మూసుకుని పడుకో.